స్క్రూలు, రాడ్లు వేసే నడుము ఆపరేషన్: ఏ ముప్పు ఎవరికి, ఎప్పుడు?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. మీ అమ్మగారికి 61 ఏళ్లు. నడుములో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నాలుగో, అయిదో నడుము పూసల మధ్య, పై పూస కింది పూస మీద నుంచి కొద్దిగా ముందుకు జారింది; రిపోర్టులో గ్రేడ్ 1 లిస్తెసిస్ అని, నరాల దారి ఇరుకైందని రాశారు. కాస్త దూరం నడిస్తే రెండు పిక్కలూ లాగేసి ఎక్కడో ఒకచోట కూర్చోవలసి వస్తోంది, కూర్చున్న కాసేపటికి తగ్గుతోంది. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, ఈమధ్య చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటును చూపే పరీక్ష) 8.9 వచ్చింది. డాక్టరుగారు ఫ్యూజన్, అంటే స్క్రూలు, రాడ్లతో పూసలను బిగించే ఆపరేషన్ చేయాలన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు "నడుము ఆపరేషనంటే కాళ్లు పడిపోతాయి" అంటున్నారు, బంధువుల్లో ఒకరు "ఇప్పుడదంతా తేలిక, మర్నాడే నడిపిస్తారు" అంటున్నారు. ఇందులో ఏది నిజమని అడిగారు.

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ అసలు విషయాన్ని తాకడం లేదు. వెన్నెముక ఆపరేషన్లు చేస్తూ, చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చినవాడిగా చెబుతున్నాను. నడుము ఫ్యూజన్‌లో ముప్పు అందరికీ కలిపి ఒకే శాతంగా చెప్పగలిగేది కాదు. అందులో పెద్ద భాగం ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లకముందే, ఈ ఆపరేషన్ ఎందుకు చేస్తున్నాం, ఎలాంటి శరీరానికి చేస్తున్నాం అన్న రెండు ప్రశ్నల దగ్గరే తేలిపోతుంది. సర్జన్ చేతి నైపుణ్యం ముఖ్యమే, కానీ ఇంట్లోవాళ్ల దృష్టంతా దాని మీదే ఉండి, తమ చేతుల్లో ఉన్నవి జారిపోతుంటాయి.

ఫ్యూజన్ అంటే పక్కపక్కనున్న రెండు లేదా అంతకన్నా ఎక్కువ పూసల మధ్య కదలికను ఆపేసి, వాటిని ఒకే ఎముకగా అతుక్కునేలా చేయడం. 1911లో న్యూయార్క్‌లో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ముఖ్యంగా వెన్నుకు టీబీ వచ్చి పూసలు కరిగి గూను తేలుతున్నవాళ్లకు చేసేవారు. అప్పుడు స్క్రూలు లేవు, రాడ్లు లేవు. ఎముక ముక్కలు పెట్టి నెలల తరబడి పడుకోబెట్టేవారు. ఈనాటి టైటానియం స్క్రూలు, రాడ్లు, పూసల మధ్య పెట్టే కేజ్, ఇవన్నీ స్లాబు కింద పెట్టే సెంట్రింగ్ లాంటివి. బరువు చివరికి మోయవలసింది లోపల అతుక్కునే ఎముకే. ఆ అతుకు గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు పడుతుంది. మర్నాడే నడిపిస్తారన్న మాట నిజమే; అయితే నడవడం మొదలైన రోజుకు ఆపరేషన్ లక్ష్యం ఇంకా నెరవేరలేదు.

ఇక కాళ్లు పడిపోవడం సంగతి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదట్లో, అంటే ఎల్1-ఎల్2 ప్రాంతంలోనే ముగుస్తుంది. దాని కింద ఉండేవి విడివిడి నరాల కట్ట. అందువల్ల మీ అమ్మగారికి ఆపరేషన్ చేయబోయే చోట వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడటం అన్నది జరిగే అవకాశం చాలా చాలా తక్కువ. మెడలోనో, వీపు మధ్యలోనో చేసే ఆపరేషన్లలో ఆ భయానికి ఎక్కువ ఆధారం ఉంది, ఎందుకంటే అక్కడ ఉండేది వెన్నుపామే. మన ఇళ్లలో తిరిగే కథల్లో ఈ తేడా కనిపించదు. మెడ ఆపరేషన్‌కు జరిగినది నడుముకు, ప్రమాదంలో వెన్ను విరిగినవాళ్లకు జరిగినది అరుగుదల ఉన్నవాళ్లకు అంటగట్టి చెబుతుంటారు.

నడుములో జరగగలిగేది ఒక నరం దెబ్బతినడం. పూస వెనుక భాగానికీ ముందు భాగానికీ మధ్య రెండు వైపులా చిటికెన వేలంత మందం ఉండే ఎముక వంతెనలు ఉంటాయి. స్క్రూ వెళ్లేది వాటిలోంచే. రంధ్రం చేశాక, స్క్రూ దించే ముందు, కొసన చిన్న గుండు ఉండే సన్నని కమ్మీని అందులో పెట్టి పైగోడ, కిందిగోడ, లోపలిగోడ, బయటిగోడ, చివరన అడుగు గట్టిగా తగులుతున్నాయో లేదో వేళ్లతో తెలుసుకుంటాం. లోపలిగోడ దగ్గర ఆ గుండు మెత్తగా జారితే అవతల ఉన్నది నరం. ఎక్స్‌రే యంత్రం, స్క్రూ దారిని కంప్యూటర్ తెర మీద చూపే నావిగేషన్, నరాల సంకేతాలను చూపే యంత్రం ఇవన్నీ ఆ తడిమి చూడటానికి తోడుగా వచ్చినవే. ఇవన్నీ ఉన్నా ఒక్కోసారి స్క్రూ కొద్దిగా పక్కకు పోతుంది. తర్వాత సీటీ తీస్తే అలాంటివి కొన్ని బయటపడతాయి కానీ, చాలావాటివల్ల రోగికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బంది ఉండే కొన్నింటిలో స్క్రూను మళ్లీ మార్చవలసి వస్తుంది.

ఎల్5 నరం నలిగినా, సాగినా పాదం పైకి లేవదు, నడిచేటప్పుడు ముందరి పాదం నేలకు రాసుకుంటుంది. అందుకే మత్తు దిగగానే మేం అడిగే మొదటి మాట, "బొటనవేలు పైకి ఎత్తమ్మా" అని. అది లేచిందంటే ఆ నరం పనిచేస్తున్నట్టే. బలహీనంగా ఉన్నా, నరం తెగిపోకుండా సాగి మాత్రమే ఉంటే చాలామందిలో నెలల మీద కోలుకుంటుంది. కొందరిలో లోపం మిగిలిపోతుంది. ఆ మాట ముందే చెప్పించుకోండి.

ఒక్క విషయంలో మాత్రం గంటలు లెక్క. ఆపరేషన్ చేసిన చోట రక్తం గడ్డకట్టి నరాల కట్టను నొక్కడం అరుదే అయినా, వచ్చిందంటే వెంటనే మళ్లీ తెరిచి తీయాలి. ఆపరేషన్ తర్వాత బాగానే కదిలిన కాళ్లు కొన్ని గంటలకో, మర్నాడో బరువెక్కడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మందులకు లొంగని తీవ్రమైన నొప్పి దాని గుర్తులు. రాత్రి రెండు గంటలైనా నర్సును లేపి డాక్టరుకు ఫోన్ చేయించాలి. తెల్లారాక చెబుదాంలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

నరాలను చుట్టి ఉండే పలుచని పొర చిరగడం మరో సంగతి. మొదటిసారి చేసే నడుము ఆపరేషన్లలో వందలో సుమారు ముగ్గురి నుంచి పదిమంది వరకు ఇది జరుగుతుంది, రెండోసారి చేసేటప్పుడు ఇంకా ఎక్కువ. అక్కడికక్కడే కుట్టేస్తే చాలామందికి ఏమీ మిగలదు. కూర్చుంటే, నిలబడితే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గడం, కట్టు మీద నీళ్లలాంటి మరక చుట్టూ పాకుతూ పెద్దదవడం కనిపిస్తే పొర ఇంకా కారుతోందని అనుమానించాలి. ఇక్కడ మన ప్రాంతానికి చెందిన ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోని ఫ్లోరోసిస్ 1937లోనే వైద్య పత్రికల్లో నమోదైంది, నల్లగొండ సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ నీళ్లు దశాబ్దాలు తాగినవాళ్లలో పూసలు రాయిలా గట్టిపడి, పూసలను కలిపి ఉంచే పట్టీలు ఎముకగా మారి, పొరకు అంటుకుపోయి ఉంటాయి. వాళ్లకు పొర చిరిగే అవకాశం, నరాలకు దెబ్బ తగిలే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. మీ కుటుంబం ఆ ప్రాంతంలో ఉండి ఉంటే, అడగకపోయినా సర్జన్‌కు చెప్పండి.

రక్తం ఎక్కించవలసి రావడం, మూత్రం కొన్ని రోజులు ఇబ్బంది పెట్టడం, పొట్ట ఉబ్బడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోవడం, మత్తు సమయంలో గుండె ఇబ్బందులు ఏ పెద్ద ఆపరేషన్‌లోనైనా ఉండేవే. బోర్లా పడుకోబెట్టి చాలా గంటలు చేసే, రక్తం బాగా పోయే ఆపరేషన్ల తర్వాత చూపు పోవడం కూడా వైద్యంలో నమోదై ఉంది, కానీ అది అత్యంత అరుదు. ముందుగా నిర్ణయించుకుని చేసే నడుము ఫ్యూజన్‌లో ప్రాణాపాయం వందలో ఒకటికన్నా చాలా తక్కువ. వయసు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది.

ఇప్పుడు మీ అమ్మగారి విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన అంకెకు వస్తాను. అది ఎంఆర్‌ఐలో ఉన్నది కాదు, 8.9 అన్న ఆ హెచ్‌బీఏ1సీ. ఫ్యూజన్ తర్వాత లోతైన ఇన్ఫెక్షన్ మొత్తం మీద వందలో ఒకరి నుంచి నలుగురి వరకు వస్తుందని లెక్క, కానీ షుగర్ అదుపులో లేనివాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు, పోషకాహారం లేనివాళ్లు ఆ లెక్కలో పై అంచున, ఒక్కోసారి దాన్ని మించి ఉంటారు. షుగర్ ఎక్కువగా ఉన్న రక్తంలో తెల్లకణాలు సరిగా పోరాడలేవు, గాయం మానదు, ఎముక అతకడం కూడా మందగిస్తుంది. లోహం ఉన్నచోట చేరిన సూక్ష్మజీవులు దాని మీద పొరగా అంటుకుని మందులకు లొంగకుండా దాక్కుంటాయి. అందువల్ల ఇక్కడి ఇన్ఫెక్షన్ ఒక కోర్సు మాత్రలతో పోయేది కాదు. మళ్లీ మత్తిచ్చి గాయం తెరిచి కడగాలి, కొందరికి ఒకటికన్నా ఎక్కువసార్లు. వారాల తరబడి రక్తనాళంలోకి యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. తొలి వారాల్లో పట్టుకుంటే సాధారణంగా స్క్రూలను ఉంచే నయం చేయవచ్చు. ఆలస్యమైతే స్క్రూలు వదులై, తీయవలసి కూడా రావచ్చు.

చాలామంది సర్జన్లు హెచ్‌బీఏ1సీ 7.5 లేదా 8 లోపుకు వచ్చేదాకా, తొందరలేని ఫ్యూజన్‌ను వాయిదా వేస్తారు. మీ అమ్మగారికి కాళ్లలో బలహీనత పెరగడం, మూత్రం మీద అదుపు పోవడం లాంటివి లేవని రాశారు కాబట్టి, రెండు మూడు నెలలు షుగర్ మీద పనిచేసి అప్పుడు నిర్ణయించుకోవడంలో నష్టం కనిపించదు, లాభం మాత్రం చాలా ఉంది. అడ్మిట్ అయ్యాక ఇన్సులిన్‌తో రెండు రోజుల్లో దింపేస్తారులే అన్న మాట రక్తంలో ఆ పూట ఉన్న షుగర్‌కు వర్తిస్తుంది. మూడు నెలల సగటును చూపే పరీక్షకు వర్తించదు. ఆమె వేసుకునే మాత్రల చీటీని మత్తు డాక్టరుకు చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. గుండెకు స్టెంట్ వేసి రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు మాత్రం వాటిని సొంతంగా ఆపకూడదు, కార్డియాలజిస్టు మాట తీసుకోవాలి. పుచ్చుపళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్, కాలి పగుళ్లలో పుండ్లు ఉంటే ముందుగా వాటిని నయం చేయించాలి.

ఎముక అతకకపోవడం దీని తర్వాత చెప్పుకోవలసిన ముప్పు. అతుకు పడకుండా స్క్రూల మీదే బరువు పడుతూ ఉంటే, కొన్ని నెలలకో, రెండు మూడేళ్లకో స్క్రూ వదులవుతుంది, లేదా రాడ్ విరుగుతుంది. చిత్రమేమంటే ఎముక అతకని వాళ్లందరికీ నొప్పి ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం మొదటి నెలల్లో తగ్గిన నడుము నొప్పి తిరిగొచ్చి, లేచేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు పట్టేస్తుంది. దీనికి అతిపెద్ద కారణాల్లో ఒకటి పొగాకు. స్క్రూలు వేసి ఫ్యూజన్ చేసిన రోగుల మీద 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో, పొగతాగనివాళ్లలో 14.2 శాతానికి, ఆపరేషన్ తర్వాతా తాగుతూనే ఉన్నవాళ్లలో 26.5 శాతానికి ఎముక అతకలేదు. ఆరు నెలలకు మించి మానేసినవాళ్లలో అది 17.1 శాతానికి దిగింది. "మా అమ్మ సిగరెట్ ఎందుకు తాగుతుంది" అని మీరు అనుకోవచ్చు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని) పీల్చే పెద్దావిడలు ఇప్పటికీ ఉన్నారు, తమలపాకులో పొగాకు పెట్టుకునేవాళ్లు అన్ని జిల్లాల్లోనూ ఉన్నారు. సిగరెట్ అలవాటుందా అని అడిగితే లేదనే చెబుతారు. చుట్ట, బీడీ, జర్దా, గుట్కా, నస్యం అని ఒక్కొక్కటిగా పేరు పెట్టి అడగాలి. ఎముకలోకి వెళ్లే చిన్న రక్తనాళాలను బిగించే నికోటిన్ వీటన్నిటిలోనూ ఉంది.

నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎముక గుల్లబారడం మరో కారణం. గుల్ల ఎముకలో స్క్రూకు పట్టు దొరకదు, కేజ్ పూసలోకి దిగిపోతుంది, పైనున్న పూస నలిగిపోతుంది. మీరు పంపిన వివరాల్లో ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ ప్రస్తావన లేదు. 61 ఏళ్ల మహిళకు స్క్రూలు వేయబోయే ముందు ఆ పరీక్ష, విటమిన్ డి పరీక్ష చేయించాలని నేను గట్టిగా చెబుతాను. ఎముక బలహీనంగా ఉందని తేలితే ముందే కొన్ని నెలలు టెరిపారటైడ్ లాంటి, ఎముకను గట్టిపరిచే మందు ఇవ్వడం, స్క్రూ చుట్టూ సిమెంటు నింపడం లాంటి మార్గాలున్నాయి. సిమెంటుకు తనదైన ముప్పు ఉంది, అది సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

అంతా సవ్యంగా జరిగి, ఎముక చక్కగా అతికినా మిగిలే ముప్పు ఒకటుంది. బిగించిన చోట ఆగిపోయిన కదలికను దానిపైన, కిందన ఉన్న కీళ్లు పంచుకుంటాయి. వాటి మీద ఒత్తిడి పెరిగి, ఏళ్ల తర్వాత అక్కడ కొత్తగా ఇరుకు, జారుడు మొదలవుతాయి. 2004లో వచ్చిన ఒక అధ్యయనం నడుము ఫ్యూజన్ చేయించుకున్నవాళ్లలో పక్క కీలుకు మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశాన్ని అయిదేళ్లకు 16.5 శాతంగా, పదేళ్లకు 36.1 శాతంగా అంచనా వేసింది. ఇందులో ఎంత భాగం ఫ్యూజన్ వల్ల, ఎంత భాగం వయసుతో ఎలాగూ వచ్చే అరుగుదల వల్ల అన్న చర్చ వైద్యుల్లో ఉంది. ఒకటి మాత్రం సర్జన్ చేతిలోనే ఉంది. నడుముకు సహజంగా ఉండే లోపలి వంపును కాపాడకుండా నిటారుగా బిగించేస్తే, మనిషి ముందుకు వాలి నడుస్తారు, పై కీళ్లు త్వరగా పాడవుతాయి. ఎన్ని పూసలు బిగిస్తే ఇవన్నీ అంత పెరుగుతాయి. కాబట్టి ఒక స్థాయి, అంటే ఒక జత పూసల మధ్య బిగింపు, చాలినచోట మూడు స్థాయిలు బిగిస్తామంటే కారణం అడిగే హక్కు మీకుంది. చిన్న కోతతో చేస్తాం, లేజరుతో చేస్తాం అనే ప్రకటనలు చూసి మోసపోవద్దు. చిన్న కోత వల్ల రక్తనష్టం, కండరాల నష్టం, ఇన్ఫెక్షన్ తగ్గవచ్చు. ఎముక అతకకపోవడం, పక్క కీలు పాడవడం అన్నవి కోత పొడవును బట్టి మారవు.

ఇక అన్నిటికన్నా ఎక్కువమందిని బాధించేది, అంగీకార పత్రంలో ఒక్క పంక్తిలో తేలిపోయేది మరొకటుంది. అదే ఆపరేషన్ బాగా జరిగినా నొప్పి పోకపోవడం. ఎక్స్‌రేలో స్క్రూలు ముచ్చటగా ఉంటాయి, ఎముక అతికి ఉంటుంది, మనిషి మాత్రం రోజుకు రెండు ట్రమడాల్ నొప్పి మాత్రలు మింగుతూ ఉంటారు. దీనికి మూలం చాలాసార్లు ఆపరేషన్ ఎంపికలోనే ఉంటుంది. నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే కాలి నొప్పి ఆపరేషన్‌కు బాగా లొంగుతుంది. కేవలం నడుము నొప్పి, ఎంఆర్‌ఐలో డిస్కు ఎండిపోయిందన్న ఒక్క కారణంతో ఫ్యూజన్ చేస్తే ఫలితం అంత నమ్మకంగా ఉండదు. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్ తీసినా, ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపిస్తుంది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 349 మందిని తీసుకుని బ్రిటన్‌లో చేసి, 2005లో ప్రచురించిన పరిశోధనలో, పట్టుదలగా చేయించిన వ్యాయామ శిక్షణకన్నా ఆపరేషన్ స్పష్టంగా మెరుగని తేలలేదు.

మీ అమ్మగారి పరిస్థితి అది కాదు. ఆమెకు నరాల ఇరుకు వల్ల వచ్చే లక్షణాలు ఉన్నాయి, ఆ లక్షణాలకు ఆపరేషన్ సమంజసమైన మార్గమే. అయితే ఇరుకును తొలగించడం ఒక పని, దానితోపాటు స్క్రూలతో బిగించడం రెండో పని. రెండోది తప్పనిసరా అన్నదే మీరు అడగవలసిన ప్రశ్న. దీని మీద మంచి పరిశోధనలు వచ్చాయి. 2016లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనంలో 247 మందిని తీసుకున్నారు. వాళ్లలో సగానికి పైగా పూస జారినవాళ్లే. ఇరుకు తీసినవాళ్లకన్నా, ఇరుకు తీసి ఫ్యూజన్ కూడా చేసినవాళ్లు మెరుగ్గా లేరు. 2021లో నార్వేలో 267 మంది మీద, అందరూ మీ అమ్మగారిలా ఒకేచోట పూస జారినవాళ్లే, చేసిన దానిలో రెండేళ్ల తర్వాత చెప్పుకోదగ్గ మేలు పొందినవాళ్లు ఇరుకు మాత్రమే తీసినవాళ్లలో 71.4 శాతం, ఫ్యూజన్ చేసినవాళ్లలో 72.9 శాతం. అమెరికాలో 66 మంది మీద చేసిన చిన్న అధ్యయనం మాత్రం కొంత భిన్నంగా చెప్పింది. అందులో నాలుగేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు ఇరుకు మాత్రమే తీసినవాళ్లలో 34 శాతం, ఫ్యూజన్ చేసినవాళ్లలో 14 శాతం. నా అభిప్రాయం ఇది: జారిన పూస వంగినప్పుడు, వాలినప్పుడు పెద్దగా కదలకుండా ఉంటే, నడుము నొప్పికన్నా కాలి బాధే ప్రధానమైతే, షుగర్ ఉన్న 61 ఏళ్ల మనిషికి ఇరుకు మాత్రమే తీయడాన్ని ముందుగా పరిశీలించాలి. పూస బాగా కదులుతుంటే, లేదా ఇరుకు తీయడానికి కీలును ఎక్కువగా కొట్టేయవలసి వస్తే ఫ్యూజన్‌కు బలమైన కారణం ఉంటుంది. అది తేలాలంటే పడుకోబెట్టి తీసే ఎంఆర్‌ఐ ఒక్కటే సరిపోదు. నిలబెట్టి, ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి ఎక్స్‌రేలు తీయాలి. అవి తీయకుండా ఫ్యూజన్ నిర్ణయించి ఉంటే, రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు తీయించుకునే వెళ్లండి.

దానికన్నా ముందు ఆ పిక్కల నొప్పి నడుము నుంచే వస్తోందని నిర్ధారించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్కలు ఇలాగే లాగుతాయి. తేడా ఏమిటంటే, రక్తనాళాల బాధ కదలకుండా నిలబడినా తగ్గుతుంది. నరాల ఇరుకు బాధ కూర్చుంటేనో, ముందుకు వంగితేనో తగ్గుతుంది. పాదం మీద నాడి చేతికి అందుతోందా అని చూడటానికి అర నిమిషం చాలు, అనుమానమైతే రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ ఉంది. అరికాళ్ల మంట, తిమ్మిరి మాత్రమే ఉంటే అది షుగర్ వల్ల వచ్చిన నరాల జబ్బు కావచ్చు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడటంవల్ల విటమిన్ బీ12 తగ్గిపోయి ఉండవచ్చు. ఫ్యూజన్ వీటిలో దేన్నీ బాగుచేయదు. ఆపరేషన్ తర్వాత కూడా తిమ్మిరి అలాగే ఉందని వచ్చేవాళ్లలో కొందరి సంగతి ఇదే.

మెడకు ముందువైపు నుంచి చేసే ఫ్యూజన్ గురించి ఇదే ప్రశ్న కింద మరొకరు అడిగారు కాబట్టి రెండు మాటలు. అందులో మొదటి వారాల్లో మింగడం కష్టంగా ఉండటం, గొంతు బొంగురుపోవడం సాధారణం, చాలామందికి తగ్గిపోతాయి. భుజం ఎత్తలేని బలహీనత కొందరికి వస్తుంది, అదీ ఎక్కువమందిలో నెలల మీద కోలుకుంటుంది. ఆపరేషన్ రాత్రి మెడ వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం అది ప్రాణం మీదికి వచ్చే స్థితి, క్షణం ఆలస్యం చేయకూడదు.

ఆపరేషన్ చేయించాలనే నిర్ణయానికి వస్తే, ఇంటికి వచ్చాక గమనించవలసినవి చెబుతాను. మొదటి వారం తర్వాత తగ్గుతూ రావలసిన నొప్పి రెండో, మూడో వారంలో మళ్లీ పెరగడం, చలితో జ్వరం, కుట్ల నుంచి చీము లేదా నీరు, గాయం చుట్టూ ఎర్రబడి వేడిగా ఉండటం, ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొక్కితే నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం. వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. ఊళ్లో ఎవరి చేతనో యాంటీబయాటిక్ ఇంజక్షన్లు వేయిస్తే లోపలి చీము తగ్గదు, ఏ సూక్ష్మజీవో పరీక్షలో తేలకుండా మాత్రం పోతుంది. గాయం మీద పసుపు, ఆకు పసరు, పౌడరు వేయవద్దు. నడక మొదటి రోజు నుంచీ మంచిదే. బిందె ఎత్తడం, నేల మీద కూర్చుని వంగి కూరగాయలు తరగడం, పొలంలో నాట్లు, కలుపు లాంటివి ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలేవరకు ఆపాలి. నొప్పి మాత్రలు సర్జన్ రాసినన్ని రోజులే. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వాడితే ఎముక అతకడానికి అడ్డు రావచ్చు, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు ఎలాగూ మంచివి కావు.

బాగానే ఉంది కదా అని ఆరు నెలల, ఏడాది ఎక్స్‌రేలకు వెళ్లడం మానకండి. డిశ్చార్జి రోజున ఆపరేషన్ వివరాల కాగితంతోపాటు, వేసిన స్క్రూలు, రాడ్లు ఏ కంపెనీవో, ఏ సైజువో ఉండే స్టిక్కర్లు అతికించిన పేజీ కాపీ అడిగి తీసుకోండి. ఒక కంపెనీ స్క్రూను విప్పే పరికరం మరొకదానికి సరిపోకపోవచ్చు. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో, మరో సర్జన్ ఆ స్క్రూలను తీయవలసి వస్తే, లేదా వాటికి కలిపి పై పూసను బిగించవలసి వస్తే, ఆయన మొదట అడిగేది ఆ కాగితమే.